పడవ అడుగు నునుపు చేస్తే ఆయిల్ మిగులుతుందా?

వేట విరామంలో బోట్లు ఒడ్డెక్కే రోజులు వచ్చేసరికి ఈ శీర్షికకు పెయింటు ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా "జారుడు పూత"ల గురించే: వ్యాక్స్, టెఫ్లాన్, సిలికాన్, చివరకు పాత ఇంజిన్ ఆయిల్ కూడా. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 28 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజిన్. వేట అయ్యాక రోజూ ఇసుక మీదకు లాగేస్తాం. కారుకు వేసే టెఫ్లాన్ వ్యాక్స్ అడుగున పూస్తే వేగం పెరిగి పెట్రోలు తగ్గుతుందని ఒకతను చెప్పాడు. చిన్న ముక్క మీద పూసి చూపించాడు కూడా, నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి. పూయమంటారా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: వద్దండి. ఆయన చూపించింది గాలిలో జరిగే తమాషా. బిందువు ముత్యంలా నిలబడాలంటే దాని చుట్టూ గాలి ఉండాలి. సముద్రంలో మునిగిన అడుగుకు గాలి తగలదు. అక్కడ పడవను తాకే నీటిపొర వ్యాక్స్ మీదైనా, పెయింటు మీదైనా పడవతో పాటే కదులుతుంది, జారిపోదు. ఆ పొరను ఆనుకున్న నీళ్లు ఒకదాన్నొకటి ఈడ్చుకోవడం వల్లే ఘర్షణ పుడుతుంది. అందువల్ల అడుగు జారుడుగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు, గరుకుగా ఉందా లేదా అన్నదే వస్తుంది.

గరుకు తగ్గించడానికీ ఒక హద్దుంది. అది దాటాక ఎంత మెరిపించినా నీటికి తేడా తెలియదు. మీ బోటు వేగం 8 నాట్స్, అంటే గంటకు 15 కిలోమీటర్లు అనుకుంటే ఆ హద్దు సుమారు 20 మైక్రాన్లు, మిల్లీమీటరులో యాభయ్యో వంతు. 400 నంబరు వాటర్ పేపరుతో రుద్దిన ఉపరితలం ఇప్పటికే అంతకంటే నునుపు. అచ్చులోంచి కొత్తగా తీసిన ఫైబర్ బోటు జెల్‌కోట్ (ఫైబర్ మీది గట్టి పైపొర) ఇంకా నునుపు. వ్యాక్స్‌కు అక్కడ చేయడానికి పనేమీ మిగల్లేదు.

మీరు చేయాల్సింది వేరే ఉంది. రోజూ ఇసుక మీద లాగే బోటుకు కీల్ (అడుగు మధ్యన సాగే వెన్నుదూలం) పొడవునా, అమరం (వెనుక) వైపు అడుగునా జెల్‌కోట్ కోసుకుపోయి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున గాట్లు పడతాయి. లోపలి గ్లాస్ నార బయటపడి నీళ్లు పీలుస్తుంది. ఆ చోట్లను మంచినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, 80 నంబరు పేపరుతో రుద్ది, ఎపాక్సీ పుట్టీతో నింపి, 120తో, ఆపైన 240తో సాపు చేయండి. కీల్ కింద అదనంగా రెండు పొరల గ్లాస్ మ్యాట్ వేయించుకుంటే ఏటా ఈ పని తప్పుతుంది.

రెండోది బరువు. తేలడానికి నింపిన ఫోమ్ నీళ్లు పీల్చుకుంటే బోటు వేట సామాను లేకుండానే బరువెక్కి ఉంటుంది. ఒడ్డుకు లాగాక డ్రెయిన్ ప్లగ్ తీయండి. పైకి నీళ్లేమీ లేకపోయినా గంటల తరబడి సన్నగా కారుతూనే ఉంటే ఫోమ్ తడిసిందని అర్థం. ఏ పాలిషూ దీన్ని సరిచేయదు.

మూడోది ఇంజిన్ బిగింపు. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక బోటు అడుగుకు సమంగా, లేదా అంగుళం లోపు కిందికి ఉండాలి. మరీ కిందికి దిగితే ఇంజిన్ కాలు మొత్తం నీటిలో ఈడ్చుకుపోతుంది. మరీ పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి వట్టినే తిరుగుతుంది. మామూలు వేట బరువుతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఆర్‌పీఎం ఇంజిన్ పుస్తకంలో రాసిన హద్దుల మధ్య ఉందో లేదో చూడండి. తక్కువగా ఉంటే పిచ్ (ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) ఒక అంగుళం తక్కువున్న ప్రొపెల్లర్ వేయండి, సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

రోజూ ఒడ్డెక్కే బోటుకు గుల్లలు (అడుగుకు అతుక్కుని పెరిగే పెంకు జీవులు) పట్టే అవకాశం దాదాపు లేదు కాబట్టి నాచు మందు పెయింటు కూడా మీకు అక్కర్లేదు, వేసినా ఇసుక గీకేస్తుంది. వ్యాక్స్ వల్ల ఇంకో చిక్కు: రేపు ఎప్పుడైనా పెయింటు వేయాలనుకుంటే దాని మీద నిలవదు. తడి కాళ్లతో పనిచేసే చోట జారుడు మందు తేవడమూ అంత తెలివైన పని కాదు.

ప్రశ్న: మాది చెక్క సోనా బోటు (వల ఈడ్చే ట్రాలర్), విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కడతాం. ఓడలకు వేసే సిలికాన్ పూత వేస్తే గుల్లలు పట్టవని, డీజిల్ బాగా మిగులుతుందని పెయింటు అమ్మే ఆయన చెబుతున్నారు. ధర మాత్రం కాపర్ పెయింటుకు ఎన్నో రెట్లు ఉంది. పెట్టుబడి తిరిగి వస్తుందా?
– ఒక బోటు యజమాని, విశాఖపట్నం

జవాబు: అంకెలు వేసి చూద్దాం. మీ బోటు నీటిగీత దగ్గర పొడవు 12 మీటర్లు, వెడల్పు 4.3, మునక 1.6 అనుకుందాం. వెడల్పుకు మునక కలిపి పొడవుతో హెచ్చిస్తే, అంటే 12 × 5.9, సుమారు 71 చదరపు మీటర్లు. ట్రాలర్ లాంటి నిండు పొట్ట బోటుకు నీటిలో మునిగే వైశాల్యం ఇంచుమించు అదే.

శుభ్రమైన అడుగుతో 8 నాట్స్‌లో పోతున్నప్పుడు ఆ 71 చదరపు మీటర్ల మీద నీటి ఘర్షణ దాదాపు 140 కిలోల లాగుడు. సిలికాన్ పూత కొత్తలో మామూలు పెయింటు కంటే ఘర్షణను 4, 5 శాతం తగ్గిస్తుందనే ఒప్పుకుందాం. 140లో 5 శాతం 7 కిలోలు. అదే 8 నాట్స్ దగ్గర ఆ పొడవు బోటు తన వేగానికి ఉన్న సహజమైన హద్దును తాకుతూ ఉంటుంది. నీటిగీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే ఆ హద్దు నాట్స్‌లో వస్తుంది. 12 మీటర్లంటే 39 అడుగులు, హద్దు 8.4 నాట్స్. అక్కడ ఇంజిన్ బలంలో పెద్ద వాటా ముందు వెనుక లేచే అలలను తోయడానికే పోతుంది. అలలకు మీ పెయింటు ఏమిటో తెలియదు.

ఇక వల లాగేటప్పుడు. 2.5 నాట్స్‌లో అడుగు ఘర్షణ 16 కిలోలు దాటదు. వల, దాని నోరు తెరిచి ఉంచే బోర్డులు, తాళ్లు కలిసి సుమారు టన్ను బరువున లాగుతుంటాయి. టన్ను పక్కన 16 కిలోలు ఎంత, అందులో 5 శాతం ఎంత? మీ డీజిల్‌లో ఎక్కువ భాగం వల లాగుడులోనే కాలుతుంటే, అడుగు అద్దంలా ఉన్నా ట్యాంకు దగ్గర తేడా తెలియదు. అక్కడ మిగిలించేది పలచని దారంతో అల్లిన వల, కాస్త పెద్ద కన్ను, సరైన కోణంలో నిలిచే బోర్డులు.

అలాగని అడుగు సంగతి వదిలేయమని కాదు. గుల్లలు గట్టిగా పట్టిన అడుగు మీద ఘర్షణ రెట్టింపు దాటుతుంది. ఇందాకటి 140 కిలోలు 280 అవుతాయి, ప్రొపెల్లర్ పని కూడా చెడుతుంది. గుల్లలు రాకముందు పట్టే పల్చటి జిగురు నాచు కూడా వేటస్థలానికి పోయి వచ్చే దారిలో ఇంజిన్‌కు తెలుస్తుంది. ఉష్ణమండల జలాల్లో నాచు మందు పెయింటు వేయని చేపల బోటుకు నెలలోనే 7 శాతం, ఆరు నెలల్లో 44 శాతం ఇంధనం అదనంగా పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చిన్న బోట్ల కోసం ఇచ్చిన సూచనల్లో ఉంది. చూశారుగా, నునుపు వల్ల వచ్చే లాభం ఏడు కిలోలైతే, గుల్లలను ఆపడం వల్ల వచ్చేది 140 కిలోలు. కాబట్టి ఏ పూతనైనా అడగాల్సిన ప్రశ్న "ఎంత జారుడు" అని కాదు, "నా హార్బర్‌లో, నా వేట తీరుకు, ఎన్నాళ్లు గుల్ల పట్టకుండా ఆపుతుంది" అని.

ఈ ప్రశ్న దగ్గరే సిలికాన్ మీకు పనికిరాదు. అది గుల్లలను చంపదు, గట్టిగా అతుక్కోనివ్వదు, అంతే. అతుక్కున్నవి రాలిపడాలంటే బోటు వేగంగా పోవాలి. పాతతరం సిలికాన్ పూతలు 15 నాట్స్ పైన, కొత్త ఫ్లోరోపాలిమర్ రకాలు 10 నాట్స్ పైన నడిచే ఓడల కోసం తయారైనవి. మీ బోటు జీవితమంతా 8 దాటదు, వల వేసి ఉన్నంతసేపు 2.5. వేట నిషేధంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు కదలదు. హార్బర్‌లో పక్కబోట్లతో ఒరుసుకుంటుంది. సిలికాన్ మెత్తటి రబ్బరు పొర, ఒరిపిడికి చిరుగుతుంది. చెక్క పలకల సందులు తడికి ఉబ్బి, ఎండకు కుంగినప్పుడు అక్కడా చీలుతుంది. చిరిగిన చోట గుల్లే కాదు, చెక్క తొలిచే పురుగు కూడా దూరుతుంది. సిలికాన్ మీద మళ్లీ సిలికాన్ తప్ప మరే పెయింటూ అంటదు కనుక, రేపు కాపర్ పెయింటుకు తిరిగి రావాలంటే మొత్తం చెక్క దాకా గీకాల్సిందే. స్లిప్‌వే (బోట్లను ఒడ్డెక్కించే వాలు) మీద దాన్ని స్ప్రే చేస్తే ఆ తుంపర్లు పడిన పక్కబోటు పెయింటు కూడా చేపకళ్లలా గుంటలు పడి పాడవుతుంది, అది వేరే తగాదా.

మీకు తగినది కాపర్ పెయింటే: క్యూప్రస్ ఆక్సైడ్ అనే రాగి మందు ఉన్న, నెమ్మదిగా అరుగుతూ కొత్త మందును బయటపెట్టే రకం పెయింటు. 71 చదరపు మీటర్లకు లీటరుకు 5.5 చదరపు మీటర్ల చొప్పున ఒక కోటుకు 13 లీటర్లు, రెండు కోట్లకు 26. నీటిగీత వెంట, ముక్కు దగ్గర, చుక్కాని మీద, కీల్ అంచున నీళ్లు ఎక్కువ ఒరుస్తాయి కనుక అక్కడ మూడో కోటుకు ఇంకో 3 లీటర్లు. మొదటి కోటు ఎరుపు, రెండోది నలుపో నీలమో వేయండి. ఎరుపు కనిపించడం మొదలైందంటే పై కోటు అయిపోయిందని సరంగుకు (బోటు నడిపేవాడికి) చెప్పకుండానే తెలుస్తుంది.

దానికి తోడు వేగం. 8 నాట్స్ బదులు 7లో పోతే మైలుకు పట్టే డీజిల్ కనీసం 23 శాతం తగ్గుతుంది, హద్దుకు దగ్గరగా నడిచే బోటుకు ఇంకా ఎక్కువే. 40 నాటికల్ మైళ్ల దూరానికి ఆలస్యమయ్యేది 43 నిమిషాలు. మార్కెట్ వేళకు అందాలంటే ఒక్కోసారి కుదరదు, నిజమే. కానీ పోయేటప్పుడు ఆ తొందర ఎందుకు?

ప్రశ్న: నిరుడు మే మొదటివారంలో మంచి కంపెనీ నాచు మందు పెయింటే రెండు కోట్లు వేయించాం. దసరాకల్లా కీల్ కింద, చుక్కాని దగ్గర, ఇంకా అక్కడక్కడ చారలుగా గుల్లలు పట్టాయి. పెయింటు నకిలీదా?
– ఒక పాఠకుడు, గిలకలదిండి, మచిలీపట్నం

జవాబు: నకిలీ అయితే అడుగంతా ఒకేలా పట్టేవి. చోట్లు చోట్లుగా పట్టాయంటే వేసిన పద్ధతిని అనుమానించాలి. మీరు చెప్పిన మూడు చోట్లకు మూడు కారణాలు.

కీల్ కింద: బోటును దిమ్మెల మీద నిలబెట్టినప్పుడు దిమ్మె తాకిన చోట పెయింటు పడదు. రెండు రోజుల తర్వాత జాకీ ఎత్తి దిమ్మెలు జరిపి అక్కడ కూడా రెండు కోట్లు వేయాలి. ఒక్క దిమ్మె కింద వదిలిన జానెడు చోటు చాలు, గుల్లల కాలనీ మొదలవడానికి.

చారలు: పెయింటు సరిగా కలపలేదు. క్యూప్రస్ ఆక్సైడ్ చాలా బరువు, నిలవ ఉన్న డబ్బాలో అడుగున ముద్దలా పేరుకుంటుంది. పైపైన కలిపి వాడితే మొదటి సగం బోటుకు మందు లేని రంగు, రెండో సగానికి చిక్కటి ముద్ద. డబ్బాను ముందురోజే తలకిందులు చేసి ఉంచి, వెడల్పాటి కర్రతో అడుగు గీకుతూ కనీసం పది నిమిషాలు కలపాలి. పని మధ్యలో ఆగినా మళ్లీ కలపాలి. కూలివాళ్లు రోలర్ తేలిగ్గా జరగాలని థిన్నర్ పోస్తారు. కంపెనీ రాసిన దానికంటే ఎక్కువ పోస్తే పొర పలచనై, ఆరు నెలలు రావాల్సింది మూడు నెలలకే అరుగుతుంది. ఎన్ని కోట్లు వేశారని కాదు, ఎన్ని లీటర్లు పట్టిందని లెక్క అడగండి. 26 పట్టాల్సిన చోట 17తో అయిపోయిందంటే సంతోషించకండి.

చుక్కాని దగ్గర: ప్రొపెల్లర్ తోసే నీటి ఒరిపిడికి అక్కడ ముందుగా అరుగుతుంది. అదనపు కోటు అవసరం.

మీ ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది, మే మొదటివారం. ఆ తర్వాత జూన్ 14 దాకా బోటు నీటిలో నిలబడే ఉందా? అయితే అరుగుతూ పనిచేసే పెయింటును కదలని నీటిలో నెలన్నర నానబెట్టారన్న మాట. జిగురు నాచు దాని మీద పరుచుకుని మందు బయటికి రాకుండా అడ్డం పడుతుంది. ఒడ్డు మీదే ఉంటే ఎండకు పైపొర గట్టిపడి ఉంటుంది. వీలైతే మరమ్మతులు, లప్పం పనులు ముందు చేసుకుని, నాచు మందు కోట్లు మాత్రం నీటిలో దించడానికి ముందు వారంలో వేయించండి. స్లిప్‌వే దొరకక ముందే వేయాల్సి వస్తే, దించే ముందురోజు 180 నంబరు వాటర్ పేపరుతో నీళ్లు పోస్తూ తేలిగ్గా రుద్ది కడగండి.

పని వరస ఇలా ఉండాలి. బోటు పైకి రాగానే, అడుగు ఆరకముందే గుల్లలు గీకి, ఒత్తిడి నీళ్లతో కడగాలి. ఆరితే రెట్టింపు కష్టం. గుల్ల ఊడినా తెల్లటి చక్రంలా దాని అడుగు అంటుకుని ఉంటుంది, దాన్నీ తీయాలి, లేకపోతే పెయింటు దాని మీదే లేస్తుంది. ఉప్పు పోయేలా చివరిసారి మంచినీళ్లతో కడిగి, చెక్క బోటును నాలుగైదు రోజులు నీడపట్టున ఆరనివ్వాలి. ఎండలో ఎక్కువ రోజులు ఉంచితే పలకల సందులు తెరుచుకుంటాయి. పొద్దున 9 తర్వాత మంచు తడి పూర్తిగా పోయాక మొదలుపెట్టి, సాయంత్రం 4కు ఆపాలి. తీరంలో సాయంత్రం గాలికి అడుగు మీద కంటికి కనపడని తేమ చేరుతుంది, దాని మీద వేసిన కోటు పొరలుగా లేచిపోతుంది.

పెయింటు వేయకూడని చోట్లు కూడా ఉన్నాయి: షాఫ్ట్ బదులు తాము తుప్పు పట్టేలా తగిలించే జింక్ దిమ్మెలు, లోతు చూపే ఎకో సౌండర్ ముఖం (దాని మీద మందపాటి కోట్లు వద్దు), కీల్ పక్కన ఉండే కూలింగ్ పైపులు. జింక్‌కు రంగు వేస్తే అది తినబడాల్సింది పోయి షాఫ్ట్ తినబడుతుంది. పైపుల మీద మందంగా వేస్తే ఇంజిన్ వేడెక్కుతుంది. చెక్క మీద అల్యూమినియం రేకు తొడిగిన బోటైతే కాపర్ పెయింటు అసలు తగలకూడదు. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం కలిస్తే రేకు తూట్లు పడుతుంది.

పాత పెయింటును పొడిగా గీకి దుమ్ము లేపకండి. నీళ్లు పోస్తూ రుద్దాలి, ముక్కుకు మంచి మాస్క్, చేతులకు గ్లోవ్స్ ఉండాలి. గీకిన పొట్టు టార్పాలిన్ మీద పోగుచేసి తీసేయండి. అది చేపకూ, రొయ్యకూ విషం. ఆ విషం ఎంత దూరం పోతుందో తెలిశాకే టిన్ కలిసిన టీబీటీ పెయింట్లను అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఒప్పందం ద్వారా 2008 నుంచి పూర్తిగా నిషేధించారు. ఎవరైనా "పాత రకం, టిన్ మందుది, ఐదేళ్లు గ్యారంటీ" అని లేబుల్ లేని డబ్బా తెస్తే ఇంటికి పంపేయండి.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లావాణ్ని, గుజరాత్‌లోని వెరావల్‌లో ట్రాలర్ మీద సరంగుగా చేస్తున్నాను. మా సేఠ్ అడుగు పెయింటుకు ఖర్చు పెడతారు కానీ ప్రొపెల్లర్‌ను పట్టించుకోరు. దానికి పాలిష్ చేయించమంటే నవ్వుతున్నారు. ఉపయోగం ఉందంటారా?
– ఒక సరంగు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో "నునుపు వల్ల నిజంగా లాభం ఎక్కడ" అన్నదానికి సరైన చోటు పట్టుకున్నది మీరే. ఇంజిన్ 1,800 ఆర్‌పీఎం, గేర్ 3.5కు ఒకటి అయితే షాఫ్ట్ నిమిషానికి 514 సార్లు తిరుగుతుంది. 90 సెంటీమీటర్ల ప్రొపెల్లర్ అయితే రెక్క కొస వేగం సెకనుకు 24 మీటర్లు, బోటు వేగానికి ఆరు రెట్లు. ఇందాక భీమిలి పాఠకుడికి చెప్పిన 20 మైక్రాన్ల హద్దు ఇక్కడ 4 మైక్రాన్ల లోపుకు దిగుతుంది. అడుగు మీద పట్టించుకోనక్కర్లేని గరుకు ప్రొపెల్లర్ మీద నష్టమే. పైగా ఇంజిన్ ఇచ్చే బలమంతా ఆ కొద్దిపాటి రెక్కల మీదుగానే పోవాలి. వల లాగేటప్పుడు కూడా పోవాలి, అప్పుడు అడుగు నునుపు ఎందుకూ కొరగాకపోయినా.

సేఠ్ గారికి చెప్పండి, పని ఒక పూటది. గుల్లలను చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ పారతో తీయాలి. ఉలి, సుత్తి వద్దు, గాటు పడిన చోట బుడగలు పుట్టి కంచు గుంటలు పడుతుంది. తెల్లటి మచ్చలు పోయేదాకా 120 నంబరు పేపరు, తర్వాత 240, చివర 400 నీళ్లతో. రుద్దేది కొసల నుంచి సగం దాకా ఎక్కువ శ్రద్ధగా, రెండు వైపులా. బోటు ముందు వైపుండే ముఖాన్ని చాలామంది వదిలేస్తారు, నిజానికి లాగుడులో ఎక్కువ వాటా దానిదే. అంచుల ఆకారం మాత్రం మార్చకూడదు. గ్రైండర్ పెట్టి ఒక రెక్కను ఎక్కువ అరగదీస్తే వణుకు పుట్టి షాఫ్ట్ బయటికి వచ్చే చోటి స్టెర్న్ ట్యూబ్ బేరింగ్ పోతుంది. వంగిన రెక్కను సుత్తితో సరిచేయించకండి, పిచ్ కొలిచే వర్క్‌షాప్‌కు పంపాలి.

కాపర్ పెయింటు ప్రొపెల్లర్ మీద నిలవదు, కొసల దగ్గర మొదటి వారంలోనే లేచిపోయి గరుకు అంచు మిగులుస్తుంది. అంటే ఉన్నదానికంటే చెడ్డ స్థితి. బోటు అడుగుకు వద్దన్న సిలికాన్ పూత ఇక్కడ పనిచేస్తుంది, ఎందుకంటే దానికి కావాల్సిన వేగం రెక్కల దగ్గర ఉంది. అయితే లోహాన్ని 80 లేదా 120 నంబరుతో గరుకు చేసి, సాల్వెంట్‌తో తుడిచి, ఆ తర్వాత చేయి తగలకుండా ఎచ్ ప్రైమర్ (లోహానికి పట్టునిచ్చే తొలి పూత) వేయాలి. ప్రైమర్ మీద పైపూత కంపెనీ చెప్పిన నిమిషాల లోపే పడాలి. వేలిముద్ర పడిన చోటు నుంచే పొర ఊడుతుంది. ఆ తర్వాత వల, తాడు చుట్టుకుంటే అక్కడ చిరుగుతుంది. తాడు తరచూ చుట్టుకునే బోటైతే పూత మాటెత్తకుండా, వీలు దొరికినప్పుడల్లా పాలిష్‌తో సరిపెట్టుకోండి.

ప్రశ్న: పాత ఇంజిన్ ఆయిల్ గానీ గ్రీజు గానీ అడుగున పూస్తే నాచు పట్టదంటారు. మా తాతల కాలంలో గుగ్గిలం, నూనె కాచి పూసేవారు కదా, ఇదీ అలాంటిదేనా?
– ఒక పాఠకుడు, నిజాంపట్నం

జవాబు: కాదు. గుగ్గిలం నూనెతో ఉడికి ఆరితే గట్టి పొర కడుతుంది, చెక్కలోకి నీరు చొరకుండా ఆపుతుంది. గుల్లలను మాత్రం అదీ ఆపలేదు, అందుకే నావను తరచూ ఒడ్డుకు లాగి ఆరబెట్టి, పొగ పెట్టేవారు. ఇంజిన్ ఆయిల్ ఆరదు, పొర కట్టదు. కొద్ది రోజుల్లో నీటిలో కలిసిపోతుంది, ఉన్నన్నాళ్లు వలకూ చేపకూ అంటుతుంది. చెక్కలోకి ఇంకితే తర్వాత ఏ పెయింటూ పట్టదు. ఇప్పటికే పూసి ఉంటే డిటర్జెంట్‌తో రెండుసార్లు కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో ఒకే దిశలో తుడిచి, గుడ్డ మారుస్తూ మళ్లీ తుడవండి. తర్వాత నీళ్లు చల్లి చూడండి. నీరు పొరలా పరుచుకుంటే శుభ్రమైంది, బొట్లుగా విడిపోతే ఇంకా నూనె ఉంది. కొత్త ఫైబర్ బోటు మీద అచ్చు వ్యాక్స్ పోయిందో లేదో చూడ్డానికీ ఇదే పరీక్ష.

ప్రశ్న: గుల్లలు పట్టిన బోటును గోదావరి మంచినీళ్లలో కొన్నాళ్లు కడితే చచ్చిపోతాయంటారు. నిజమా?
– ఒక పాఠకుడు, భైరవపాలెం

జవాబు: సముద్రపు గుల్లల్లో చాలావరకు, చెక్క పురుగు కూడా, పూర్తి మంచినీటిలో కొన్నాళ్లుంటే చస్తాయి. ఉప్పు తక్కువైనా తట్టుకునే రకాలు పాయల్లోనే పెరుగుతాయి కాబట్టి ఉప్పు తగిలే పాయలో కడితే లాభం లేదు, వరద నీరు నిండిన పాయ కావాలి. చచ్చినా పెంకు అలాగే ఉంటుంది, ఘర్షణ తగ్గదు. గీకడం తప్పదు, కాస్త తేలికవుతుంది.

ప్రశ్న: పెయింటు వేయించాక "గంటకు రెండు కిలోమీటర్లు పెరిగింది" అని అందరూ అంటారు. నమ్మాలా? మన బోటు మీద మనమే తేల్చుకోవడం ఎలా?
– ఒక బోటు యజమాని, కాకినాడ

జవాబు: గీకిన గుల్లలు ఎన్ని బస్తాలయ్యాయో అడిగితే సగం సంగతి తెలుస్తుంది. గుల్లల అడుగుతో పోల్చి చూస్తే ఏ పెయింటైనా అద్భుతంగానే కనిపిస్తుంది, ఘనత గీకినవాడిది.

సరిగా కొలవాలంటే బోటు పైకి లాగడానికి ముందురోజు ఒకసారి, దించాక వారం లోపు ఒకసారి పరీక్షించండి. రెండుసార్లూ డీజిల్, ఐసు, మంచినీళ్లు, మనుషులు ఒకే లెక్కన ఉండాలి. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, పది మీటర్లకు తగ్గని లోతులో, ఒకే ఆర్‌పీఎం మీద జీపీఎస్ చూస్తూ ఒక మైలు పోయి, అదే దారిలో ఒక మైలు వెనక్కి రండి. పోయిన వేగం, వచ్చిన వేగం కలిపి సగం చేస్తే ప్రవాహం తేడా పోతుంది. ఒక వైపే చూస్తే మన తీరంలో ప్రవాహం ఒక నాట్ దాకా అబద్ధం చెప్పగలదు. మూడు ఆర్‌పీఎంల మీద ఇలా చేయండి, ఉదాహరణకు 1,200, 1,500, 1,800.

డీజిల్‌కు ట్యాంకు గేజీని నమ్మవద్దు. లీటరు గీతలున్న 20 లీటర్ల క్యాన్ పెట్టి, ఇంజిన్‌కు వెళ్లే పైపు, తిరిగి వచ్చే పైపు రెండూ అందులోకే మళ్లించండి. తిరిగి వచ్చే పైపును మరచిపోతే ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది. అరగంట నడిపి ఎన్ని లీటర్లు తగ్గిందో రాసుకోండి. లీటర్లను ఆ అరగంటలో పోయిన మైళ్లతో భాగిస్తే మైలుకు ఎంతో వస్తుంది. ఆ కాగితం ఇంజిన్ గదిలో అంటించి ఉంచి, మూడు నెలలకోసారి ఇదే కొలత తీయండి. మైలుకు లీటర్లు పది శాతం పెరిగిన రోజున నీటిలోకి దిగి ముందు ప్రొపెల్లర్ చూడండి, తర్వాత అడుగు. అడుగున జిగురు నాచు మాత్రమే ఉంటే మెత్తటి స్పాంజితో తుడిస్తే చాలు. పార పెట్టి గీకితే నాచుతో పాటు మందు కూడా పోతుంది.